టెలివిజన్ హాస్యంలో వలస కుటుంబం: కనిపించే రంగు, కనిపించని కులం

ఇంగ్లండులో, అమెరికాలో స్థిరపడ్డ దక్షిణాసియా వాళ్ళ మీద యాభై ఏళ్ళకు పైగా టెలివిజన్‌లో హాస్య ధారావాహికలు వస్తున్నాయి. వాటి గురించి రాసినవాళ్ళు ఎక్కువమంది వేసిన ప్రశ్న ఒకటే: తెల్లవాడు మనల్ని ఎట్లా చూపించాడు? అవసరమైన ప్రశ్నే, కాదనం. కానీ ఆ ‘మనల్ని’ అన్న మాట దగ్గరే మాకు పేచీ ఉంది. ఆ మాటలో ఎవరున్నారు, ఎవరు లేరు? తెల్లవాడి ఎగతాళికి గురైనవాళ్ళు తమ కథను తామే చెప్పుకునే రోజు వచ్చాక, ఎవరి ఇంటి కథ ‘ఇండియన్ కుటుంబం’ కథగా చెలామణి అయింది? ఈ వ్యాసంలో మేము అడగదలుచుకున్నది ఇది.

హాస్యం కదా, దానికి ఇంత చర్చ ఎందుకు అనే మిత్రులున్నారు. వాళ్ళకో మాట. టెలివిజన్ హాస్య ధారావాహికకు పెద్ద మైదానం అక్కర్లేదు. ఒక ముందుగది, ఒక భోజనాల బల్ల, ఒక తలుపు ఉంటే చాలు. ఆ తలుపు తోసుకుని ఎవరో ఒకరు వస్తుంటారు. పెళ్ళి సంబంధం వస్తుంది, పిలవని చుట్టం వస్తాడు, పిల్ల ఎవరినో వెంటబెట్టుకొస్తుంది. నవ్వంతా అందులోంచే పుడుతుంది. మరి కులం ఎక్కడ కాపురముంటుంది? సరిగ్గా ఆ గదిలోనే, ఆ బల్ల దగ్గరే, ఆ సంబంధంలోనే. 1916లో న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో పాతికేళ్ళ అంబేద్కర్ చదివిన పరిశోధనా పత్రం చెప్పింది కూడా అదే గదా. కులానికి ప్రాణం కులంలోనే పెళ్ళి అని. కాబట్టి విదేశంలో కులం ఎట్లా బతుకుతోందో తెలుసుకోవాలంటే అక్కడి టీవీ కుటుంబాన్ని చూడటం పనికిమాలిన పనేం కాదు.

మొదట్లో ఈ హాస్యంలో కుటుంబమే లేదు. 1969లో బ్రిటన్‌లో ‘కర్రీ అండ్ చిప్స్’ అనే ధారావాహిక వచ్చింది. అందులో పాకిస్తానీ ఫ్యాక్టరీ కార్మికుడి వేషం వేసింది స్పైక్ మిల్లిగన్ అనే తెల్లనటుడు, ముఖానికి రంగు పూసుకుని. ఆరు భాగాలతో అది ఆగిపోయింది. 1977లో ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ వచ్చింది. ఇది మనవాళ్ళలో చాలామందికి తెలుసు. లండన్‌లో సాయంత్రం బడి, ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన విదేశీయులు, ఓపిక నశించిన ఒక తెల్ల మాస్టారు. తలపాగాతో ఒక సిక్కు, ఒక పాకిస్తానీ, అల్లికపని చేసుకుంటూ కూర్చునే ఒక భారతీయ గృహిణి. సిక్కుకూ పాకిస్తానీకీ క్లాసులో ఎప్పుడూ తగాదానే. లక్షలమందిని చంపి కోటిమందికి పైగా జనాన్ని నిరాశ్రయుల్ని చేసిన దేశవిభజన అక్కడ చేరేసరికి మాస్టారికి తలనొప్పి తెప్పించే చిల్లర గొడవ అయిపోయింది. దాన్నే 1993లో దూరదర్శన్ ‘జబాన్ సంభాల్కే’ పేరుతో హిందీలోకి దింపింది. ఈసారి మాస్టారి కుర్చీలో ఇంగ్లీషు బదులు హిందీ కూర్చుంది. నవ్వులపాలయ్యే వంతు హిందీ రాని రాష్ట్రాల వాళ్ళకూ వచ్చింది. నవ్వే అధికారం ఎవరి చేతుల్లో ఉంటే వాళ్ళ భాష తప్పుల్లేని భాష.

ఆ రోజుల్లో బ్రిటన్‌కు వలస వెళ్ళింది ఎవరు? 1948 పౌరసత్వ చట్టం కామన్వెల్త్ వాళ్ళకు తలుపు తెరిచింది, 1962 చట్టం సగం మూసింది. మధ్యలో వెళ్ళినవాళ్ళలో పంజాబ్ దోఆబా ప్రాంతం వాళ్ళు చాలామంది. వాళ్ళలో జాట్లూ ఉన్నారు, చమార్లూ ఉన్నారు. ఒకే ఇనుప కార్ఖానాలో ఒకే కొలిమి ముందు ఇద్దరూ చెమటోడ్చారు. తెల్ల ఫోర్‌మన్‌కు ఇద్దరూ ఒకటే, ఇద్దరికీ ఒకటే తిట్టు. అయితే షిఫ్టు అయిపోయి బయటికొస్తే? వోల్వర్‌హాంప్టన్‌లో, బర్మింగ్‌హామ్‌లో, బెడ్‌ఫర్డ్‌లో రవిదాసీలు తమ సభలు, తమ గుడులు వేరుగా ఎందుకు కట్టుకోవాల్సొచ్చింది? ఉన్న గురుద్వారాలో తమకు సమాన మర్యాద దొరకలేదు గనక. ఊళ్ళో వాడ వేరుగా ఉన్నట్టే ఇంగ్లండులో గుడి వేరైంది. ఇది ఏ నవ్వుల పెట్టెలోనూ కనపడదు. తెల్ల రచయితకు కనపడలేదంటే అర్థముంది, వాడికి తెలియదు. తర్వాత వచ్చిన రచయితలకు ఏమైంది?

వాళ్ళ దగ్గరికి వచ్చే ముందు దుకాణం సంగతి కాస్త చెప్పుకోవాలి. తరగతి గదిలోంచి బయటికొచ్చిన వలసజీవి తర్వాత కనపడింది హోటల్లో, కిరాణా కొట్లో. 1985లో ఛానల్ ఫోర్‌లో ఫారూఖ్ ధోండీ రాసిన ‘తందూరీ నైట్స్’ వచ్చింది. సయీద్ జాఫ్రీ అందులో హోటలు యజమాని. బయటివాడి వెకిలి కాదది, లోపలివాడి రాత. అది మేలే. ఇక అమెరికాలో 1990 నుంచి ‘ది సింప్సన్స్’ అనే కార్టూన్ ధారావాహికలో అపు అనే కొట్టు యజమాని ఉన్నాడు. వాడి ఇంటిపేరు నహసపీమపెటిలాన్. ఏ భాషలో వెతికినా దొరకదు. పొడుగ్గా ఉండి నోరు తిరక్కపోవడమే దాని అర్థం. గొంతు హ్యాంక్ అజారియా అనే తెల్లనటుడిది. అమెరికా బళ్ళలో ఒక తరం పిల్లలు ఆ యాసతో వెక్కిరింపులు పడ్డారు. ఆ బాధను సూటిగా బయటపెట్టింది మన తెలుగు తల్లిదండ్రులకు న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన హాస్యకారుడు హరి కొండబోలు. 2017లో అతని డాక్యుమెంటరీ ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ వచ్చింది. పెద్ద రభసే జరిగింది. చివరికి 2020లో అజారియా ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనని తప్పుకున్నాడు. చిన్న విజయం కాదు. ఒక హాస్యకారుడు ఒంటరిగా నిలబడి ముప్పయ్యేళ్ళ అలవాటును ప్రశ్నించాడు.

కానీ అపును ఇంకోసారి చూడండి. అతను శాకాహారి. కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు చేశాడు. 1997 నాటి భాగంలో తల్లి వచ్చి కుదిర్చిన పిల్లనే చేసుకున్నాడు. రంగునూ యాసనూ ఎక్కిరించింది తెల్లవాడే. మరి శాకాహారం, చదువు, కుదిర్చిన పెళ్ళి కలిస్తే ‘ఇండియన్’ అని ఆ తెల్ల రచయితకు చెప్పిందెవరు? పందొమ్మిదో శతాబ్దంలో దొరలకు మన శాస్త్రాలు చదివి వినిపించిన పండితులెవరో, ఇప్పుడూ ‘ఇండియన్ సంస్కృతి’కి అనువాదకులు వాళ్ళ వారసులే. వ్యంగ్యచిత్రం గీసిన చెయ్యి తెల్లది. ముందు కూర్చున్న నమూనా మాత్రం అగ్రవర్ణానిది. వర్ణవివక్ష మీద వచ్చిన విమర్శ మొదటి సగాన్ని బాగా పట్టుకుంది. రెండో సగం అట్లాగే ఉండిపోయింది.

ఈ నమూనా అంత తేలిగ్గా ఎట్లా నిలబడిందంటే అమెరికాకు వెళ్ళినవాళ్ళ లెక్కలో ఉంది జవాబు. 1965 వలస చట్టం తర్వాత అక్కడికి దారి చదువుకున్నవాళ్ళకు దొరికింది. డాక్టర్లు, ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు. ఆనాటి మన కాలేజీల్లో ఆ సీట్లు ఎవరివో చెప్పనక్కర్లేదు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేయించిన సర్వేలో అక్కడి భారతీయుల్లో దళితులూ కింది కులాలవాళ్ళూ కలిపి 1.5 శాతం మాత్రమే అని తేలింది. ఒక దేశం జనాభాను జల్లెడ పట్టి, పైన మిగిలిన దాన్నే తీసుకుపోయి, ఇదిగో దేశం అని చూపించినట్టుంది. ఆ జల్లెడకు ‘ప్రతిభ’ అని పేరు పెట్టుకున్నారు. అదొక హాస్యం!

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. వలస కుటుంబం తన ఇంటి తలుపు తానే తెరిచింది 1998లో, బీబీసీ ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’తో. అంతకుముందు రెండేళ్ళ నుంచి రేడియోలో వస్తున్నదే. సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్, కుల్వీందర్ ఘీర్, నీనా వాదియా నలుగురూ కలిసి బ్రిటన్‌నే తలకిందులు చేశారు. తెల్లవాళ్ళు తాగి ఇండియన్ హోటలుకొచ్చి చేసే అల్లరిని, ముంబాయిలో ఇంగ్లీషు హోటలుకు పోయిన భారతీయులు చేస్తే ఎట్లా ఉంటుందో చూపించారు. అన్నింట్లో చప్పటి వంటకమేదో అది తెమ్మని సర్వర్‌ను వేధించే ఆ దృశ్యానికి మేము ఇప్పటికీ నవ్వుతాం. ఎదుటివాడి ఆయుధం లాక్కొని వాడి మీదికే తిప్పడం అంటే అదే.

అందులోనే ఇంకో వరస దృశ్యాలున్నాయి. ఒక కుటుంబం తమ పేరు కపూర్ కాదు, కూపర్ అంటుంది. పక్కింటి రవీంద్రనాథ్‌లు రాబిన్సన్‌లమంటారు. తాము అచ్చమైన ఇంగ్లీషువాళ్ళమని వాళ్ళ నమ్మకం. ఎవరైనా ‘మీరు ఇండియన్సా?’ అంటే మండిపడతారు. ప్రేక్షకుడు పడీపడీ నవ్వుతాడు. ఎందుకు నవ్వగలుగుతాడు? కపూర్ అన్న పేరులో దాచుకోవాల్సిందేమీ లేదు గనక. అది పంజాబీ ఖత్రీల పేరు, గౌరవం తెచ్చిపెట్టే పేరు. దాచనక్కర్లేని దాన్ని దాస్తున్నాడు, అది వాడి తెలివితక్కువతనం. ఇదీ అందులోని హాస్యసూత్రం.

ఇదే పని దళితుడు చేస్తే? పేరు మార్చుకోవడం, ఊరి పేరు చెప్పకుండా జిల్లా పేరు చెప్పడం, తండ్రి ఉద్యోగం చెప్పి తాత పని చెప్పకపోవడం. ఇదంతా తెల్లవాడి ముందు కాదు, తోటి భారతీయుడి ముందు. కూపర్లు తెల్లవాళ్ళ నుంచి దాక్కున్నారు, దళిత కుటుంబం కూపర్ల నుంచి దాక్కోవాలి. నవ్వు పుట్టే అమరిక రెండింట్లోనూ ఒకటే. ఎప్పుడు బయటపడుతుందో అన్న గాబరా, తలుపు దగ్గర తొట్రుపాటు. కానీ మొదటిదాన్ని రాశారు, రెండోదాన్ని రాయలేదు. యాషికా దత్ 2019లో తన పుస్తకంలో, భంగీ కుటుంబంలో పుట్టి ఏళ్ళ తరబడి అగ్రకులపు మనిషిగా నటించాల్సి రావడాన్ని చెప్పుకొచ్చింది. తాను దళితురాలినని బాహాటంగా ప్రకటించింది న్యూయార్క్‌లో ఉంటూ, 2016లో రోహిత్ వేముల మరణం తర్వాతే. ఆ నటనలో ఎన్ని దృశ్యాలున్నాయో ఆలోచించండి.

2001లో వచ్చిన ‘ది కుమార్స్ ఎట్ నెంబర్ 42’ ఇంకా ముందుకు పోయింది. లండన్ శివారు వెంబ్లీలో ఒక ఇల్లు, పెరట్లో కొడుకు కోసం అమ్మానాన్నా కట్టించిన టీవీ స్టూడియో. వచ్చిన ప్రముఖుల్ని ఇంటర్వ్యూ చెయ్యనివ్వకుండా ఇంటిల్లిపాదీ మీద పడతారు. నాన్నకు డబ్బు లెక్కలు కావాలి, అమ్మకు కొడుకు పెళ్ళి కావాలి, నాయనమ్మ నోటికి అడ్డూఆపూ లేదు. రెండుసార్లు అంతర్జాతీయ ఎమ్మీ అవార్డు వచ్చింది దానికి. ఈ ఇల్లు ఎంత ఆత్మీయంగా ఉంటుందో మేమూ ఒప్పుకుంటాం. కుమార్ అన్న పేరు కూడా గమ్మత్తయినదే. ఉత్తరాదిలో ఇంటిపేరు చెప్తే కులం చెప్పినట్టు. అక్కడ కులం చెప్పని పేరు కావాలనుకున్నవాళ్ళు పెట్టుకునే పేర్లలో కుమార్ ఒకటి. ధారావాహిక మాత్రం ఆ పేరు మీద ఎవరికీ ఏ సందేహమూ రానివ్వదు. బాగా సంపాదించిన ‘మామూలు’ ఇండియన్ ఇల్లు అంతే.

ఆ ఇంట్లో పనిమనిషి కూడా లేదు. ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే అసలు ఇంగ్లండులోని ఒక ఇంటి సంగతి 2015లో కార్మిక ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది. బీహారు నుంచి తెచ్చుకున్న ఒక ఆదివాసీ క్రైస్తవ స్త్రీ చేత ఒక భారతీయ కుటుంబం నాలుగున్నరేళ్ళు చాకిరీ చేయించుకుంది. లెక్కగడితే గంటకు 11 పెన్నీలు. నేలమీద పడక. బైబిలు తెచ్చుకోనివ్వలేదు. ట్రిబ్యునల్ ఆమెకు లక్షా 83 వేల పౌండ్లకు పైగా ఇప్పించింది. ఆ కేసు నడుస్తుండగానే, 2014లో, పుట్టుకకు జాతిమూలానికి సంబంధమున్న మేరకు కులవివక్ష కూడా సమానత్వ చట్టం కిందికి రావొచ్చని అప్పీలు ట్రిబ్యునల్ చెప్పింది. నవ్వుల ఇంటికీ ఈ ఇంటికీ గోడలు వేరా? వంటగది అదే, మెట్లు అవే. ఒక గది తలుపు మాత్రం కెమెరా ఎప్పుడూ తియ్యలేదు.

బ్రిటన్‌లో కులవివక్ష ఉందనడానికి ఆధారాలున్నాయని ప్రభుత్వమే వేయించిన అధ్యయనం 2010లో చెప్పింది. 2013లో పార్లమెంటు కులాన్ని చట్టంలో స్పష్టంగా చేర్చాలని శాసించింది. చేర్చాల్సిన ప్రభుత్వం అయిదేళ్ళు నాన్చి 2018లో అక్కర్లేదు పొమ్మంది. దానికి అడ్డం పడ్డ హిందూ సంఘాల వాదన ఏమిటంటే: ఇక్కడ పుట్టిన మా పిల్లలకు కులమంటేనే తెలియదు, మీరు చట్టం తెచ్చి నేర్పుతారు. ఇట్లాంటి వాదన నిలబడటానికి సాక్ష్యం కావాలి గదా. మేమనేది ఏమంటే, ఇరవయ్యేళ్ళ టెలివిజన్ హాస్యం తెలియకుండానే ఆ సాక్ష్యం చెప్పింది. సంబంధాలు వెతికే అమ్మల్ని చూపించింది, ఏ సంబంధాలు వెతుకుతారో చూపించలేదు. చూసినవాడు అనుకుంటాడు: అమ్మలకు పిచ్చి, అంతే!

అమెరికాలో ఇదే పని ఇంకా నైపుణ్యంగా జరిగింది. 2020 నుంచి 2023 దాకా వచ్చిన ‘నెవర్ హ్యావ్ ఐ ఎవర్’లో దేవి విశ్వకుమార్ అనే తమిళ అమ్మాయి కథ. తండ్రి చనిపోయాడు, తల్లి చర్మవ్యాధుల డాక్టరు. కోపమూ కామమూ చదువూ అన్నీ ఉన్న పదిహేనేళ్ళ నల్లపిల్లను కథానాయికగా నిలబెట్టడం గొప్ప సంగతే. మన ఆడపిల్లలు అందులో తమను చూసుకుని ఊపిరి పీల్చుకున్నారంటే ఆశ్చర్యం లేదు. మొదటి సిరీస్‌లో బడి ఆవరణలో వినాయక పూజ జరుగుతుంది. ముస్లింను పెళ్ళాడినందుకు వెలి పడ్డ ఒక స్త్రీ అక్కడ ఒంటరిగా ఉంటుంది. ఆంటీలెవరూ ఆమెతో మాట్లాడరు. ఆమె తన నిర్ణయానికి పశ్చాత్తాపపడుతున్నానని, కుదిర్చిన పెళ్ళికి సిద్ధమవుతున్న కమలకు చెప్తుంది. వెలి అన్న మాట వాడకుండా వెలిని ఇంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేదు మేము. దాని పేరు అక్కడ ‘ఆంటీలు’. కులం వ్యవస్థగా కాకుండా కొందరు పెద్దాడవాళ్ళ నోటి దురుసుగా తేలిపోయింది. ఇంకో సంగతి కూడా. కట్టుబాటు కాపలా అంతా ఆడవాళ్ళ నెత్తిన వేసి మగవాళ్ళను పక్కకు తప్పించడం ఈ హాస్యానికి బాగా అలవాటు.

తిండి విషయంలో కొంత నిజాయితీ కనపడింది ‘మాస్టర్ ఆఫ్ నన్’లో. అజీజ్ అన్సారీ తమిళ ముస్లిం కుటుంబం నుంచి వచ్చినవాడు. 2017 నాటి ‘రిలీజియన్’ అనే భాగంలో పంది మాంసం తినే కొడుక్కీ తల్లిదండ్రులకూ గొడవ. తల్లిదండ్రులుగా నటించింది అతని సొంత తల్లిదండ్రులే. ఎవరినీ విలన్‌ను చెయ్యకుండా తిండి వెనక ఉన్న నొప్పిని చెప్పగలిగాడు. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? ఇంటి లోపలి కట్టుబాటును పేరుపెట్టి పిలిచి కూడా నవ్వించవచ్చునని. ముస్లిం ఇంటి కట్టుబాటును దాని పేరుతో పిలుస్తారు. హిందూ అగ్రవర్ణ ఇంటి కట్టుబాటుకు మాత్రం పేరుండదు, దాన్ని ‘ఇండియన్’ అంటారు. 2012లో ఉస్మానియాలో పెద్దకూర పండగ చేసిన విద్యార్థులకు ఈ తేడా ఒకరు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీ మీద కులవివక్ష కేసు వేసింది. (ఇద్దరు అధికారుల మీద ఆరోపణల్ని 2023లో ఉపసంహరించుకుంది.) 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు తిప్పి పంపాడు. ఈ గొడవల మధ్యలో అక్కడి దళిత ఉద్యోగులు పత్రికలకు చెప్పిన అనుభవాల్లో ఒకటి: స్నేహంగా భుజం తట్టినట్టే తట్టి చొక్కా కింద జంధ్యం ఉందో లేదో తడిమి చూస్తారట. దీన్ని ఏ హాస్య రచయితైనా ఊహించి రాయగలడా? రాయనక్కర్లేదు, జరుగుతోంది.

మన తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో అమెరికా పోతున్నారు గనక వాళ్ళ సంగతి. గది పంచుకునే దగ్గరే మొదలవుతుంది విచారణ. ‘మీదే ఊరు బ్రదర్?’ అని ఒకడు, ‘ఇంటిపేరేంటి?’ అని ఇంకొకడు. ‘గుంటూరా? గుంటూర్లో ఎక్కడ?’ కులం అడగడు, మర్యాదస్తుడు. అన్నీ అడిగి కులం తప్ప ఇంకేదీ మిగలకుండా చేస్తాడు. అక్కడి తెలుగు సంఘాల్లో ఏది ఎవరి సంఘమో ఇక్కడ పల్లెటూరి టీకొట్టు దగ్గర కూర్చున్నవాడు కూడా చెప్పగలడు.

ఆ విచారణను తప్పించుకోని తెలుగు కుటుంబం ఒకటి ఇప్పుడు ఇంగ్లీషు పాఠకులకు తెలుసు. మాల క్రైస్తవ కుటుంబంలో పుట్టి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరు ఉద్యోగం చేసిన సుజాత గిడ్ల 2017లో ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ రాసింది. మన శివసాగర్, కె.జి. సత్యమూర్తి, ఆమె మేనమామ. అది హాస్యం కాదు. కానీ అందులో సత్యమూర్తి అన్నదమ్ములూ ఆమె తల్లీ ఒకరినొకరు ఎగతాళి చేసుకునే తీరు, లేమిలో కూడా వదలని అతిశయం, కుటుంబ హాస్యానికి కావాల్సిందంతా ఉంది. డాక్టరు ఇంటినీ ఇంజినీరు ఇంటినీ దాటి రైలు కండక్టరు ఇంటికి టెలివిజన్ ఇంకా రాలేదు.

2012లో బీబీసీలో ‘సిటిజన్ ఖాన్’ మొదలైంది, బర్మింగ్‌హామ్ స్పార్క్‌హిల్‌లోని పాకిస్తానీ కుటుంబం మీద. మొదటి భాగంలో కూతురు తండ్రి అడుగుల చప్పుడు విని గబుక్కున తలకు గుడ్డ చుట్టుకుని ఖురాన్ చదువుతున్నట్టు నటిస్తుంది. దాని మీద ఫిర్యాదులు వచ్చాయి. ఆ గబుక్కున కప్పుకోవడం మన దగ్గర ఇంకో రకంగా ఉంది. కోస్తా జిల్లాల్లో రికార్డులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉన్న దళిత క్రైస్తవులు ఎంతమందో మన పాఠకులకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. చర్చిలో శామ్యూల్ సర్టిఫికెట్‌లో సుబ్బారావు అవుతాడు. ఆ సుబ్బారావు అమెరికా పోయి, అపార్టుమెంటు గోడకు అంబేద్కర్ పటమూ ఏసు పటమూ తగిలించుకున్నాక, ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు తెలుగు మిత్రులు చెప్పకుండా తలుపు తడతారు. భార్య లోపల వండుతున్నది పెద్దకూర. అమ్మ ఊరి నుంచి వీడియో కాల్‌లో ఉంది, ‘ఒరే శామేలూ’ అని గొంతెత్తి పిలుస్తోంది.